తాతగారి పిస్టల్‌లో వదులైన పిన్ను: నా అనుభవం

మా ఇంట్లో ఉన్న పిస్టల్ .32 బోరుది, బర్మింగ్‌హామ్‌లోని వెబ్లీ అండ్ స్కాట్ కంపెనీ తయారీ. మూడు పాత సంస్థలు కలిసి 1897లో ఏర్పడిన కంపెనీ అది. ఈ .32 మోడల్ 1908లో వచ్చింది. 1911లో లండన్ మెట్రోపాలిటన్ పోలీసులు దీన్నే తమ సిబ్బందికి ఎంచుకున్నారు. మా తాతగారు ఇక్కడే, ఇప్పటి ఒడిశా సరిహద్దులో ఉన్న పర్లాకిమిడి ఎస్టేటులో ఉద్యోగం చేసే రోజుల్లో కొన్నారు. ఆయన తర్వాత నాన్నగారి పేరు మీదికి వచ్చింది, నాన్నగారికి డెబ్భై దాటాక నా పేరు మీదికి. లైసెన్సుదారుకి డెబ్భై ఏళ్లు నిండినా, ఆయుధం చేతికొచ్చి ఇరవై అయిదేళ్లయినా, తాను కోరుకున్న వారసుడికి ఇవ్వమని దరఖాస్తు పెట్టుకునే వీలు 2016 ఆయుధ నియమాల్లో ఉంది. చాలామందికి ఈ సంగతి తెలియక పెద్దాయన పోయేదాకా ఆగుతారు. అప్పుడు ఆయుధం ఠాణాలోనో డీలరు దగ్గరో డిపాజిట్ చేసి కాగితాల వెంట తిరగాల్సి వస్తుంది. ఇంట్లో పాత ఆయుధం ఉన్నవాళ్లు పెద్దవాళ్లు ఉండగానే ఈ పని చూసుకోండి.

2024 ఎన్నికలు అయిపోయాక, వాటి కోసం డిపాజిట్ చేసిన పిస్టల్‌ని వెనక్కి తెచ్చుకుని, తుడిచి నూనె పెడుతుంటే చూశాను. హ్యామర్ (తూటా పేలేలా కొట్టే ముక్క) తిరిగే చోట ఫ్రేములో, అంటే పిస్టల్ మొండెంలో, ఈ పక్క నుంచి ఆ పక్కకి అడ్డంగా దూరి ఉండే పిన్ను కుడివైపు కొద్దిగా బయటికి వచ్చి ఉంది. వేలిగోరు ఆనిస్తే తగులుతోంది. బొటనవేలితో నొక్కితే లోపలికి పోయింది. హ్యామర్‌ని రెండుసార్లు వెనక్కి లాగి నెమ్మదిగా దించితే మళ్లీ బయటికి వచ్చింది. నాన్నగారు కళ్లజోడు సర్దుకుని చూసి, "బండి ఇరుసుకి సీల ఊడినట్టేరా ఇది, ఇంక ముట్టుకోకు" అన్నారు.

ఆయన మాట అక్షరాలా నిజం. ఆ పిన్ను పని హ్యామర్‌ని పట్టి ఉంచడం ఒక్కటే కాదు. హ్యామర్ ఎక్కడ నిలబడాలో చెప్పేది కూడా అదే. హ్యామర్‌ని వెనక్కి లాగినప్పుడు దాని అడుగున ఉన్న సన్నటి మెట్టు, సియర్ అనే చిన్న ముక్క అంచు మీద ఆగుతుంది. ఆ ఆనిక వెంట్రుకల లెక్కలో ఉంటుంది. పిన్ను ఆడితే హ్యామర్ పక్కకి ఒరుగుతుంది, ఆనిక తగ్గుతుంది, ట్రిగ్గర్ నొక్కకుండానే హ్యామర్ జారిపడే ప్రమాదం వస్తుంది. బారెల్ వెనక తూటా కూర్చునే గది ఖాళీగా ఉంటే టక్కుమని చప్పుడు. గుండు ఉంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పైగా పేల్చిన ప్రతిసారీ వచ్చే అదురు ఆ పిన్నుని ఇంకాస్త బయటికి నెడుతుంది. చిన్న పిన్నే కదా అనుకునే పని కాదు.

మా బావ ఆ సాయంత్రం వచ్చి చూసి, "ఎందుకు బావా బరంపురం దాకా, మన కొమ్ముపని వీధిలో చిన్న లేతు (తిప్పుతూ చెక్కే) మిషన్లున్నాయి, పది నిమిషాల్లో పిన్ను తిప్పి ఇచ్చేస్తారు" అన్నాడు. పర్లాకిమిడి కొమ్ముపని గురించి ఈ ప్రాంతం వాళ్లకి చెప్పే పని లేదు. గేదె కొమ్ములోంచి కొంగ కాలంత సన్నగా పుల్ల తీసి నునుపు పెట్టే చేతులవి, ఉక్కు పిన్ను వాళ్లకో లెక్క కాదు. కాని నేను ఒప్పుకోలేదు. 1959 ఆయుధాల చట్టం అయిదో సెక్షన్ ప్రకారం తుపాకీ తయారీకి, అమ్మకానికి ఎలాగో బాగుచెయ్యడానికీ లైసెన్సు కావాలి. అది లేకుండా చేస్తే 2019 సవరణ తర్వాత శిక్ష ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా ఉంది. కుటుంబం కోసం కొమ్ములు అరగదీసుకునే మనిషిని నా పిస్టల్ కోసం ఆ ఊబిలోకి దింపుతానా? బావకి అదే చెప్పాను. "అంత ఉందా ఇందులో!" అని ఊరుకున్నాడు.

బరంపురంలో లైసెన్సున్న తుపాకుల దుకాణం ఒకటుంది. బాగుచేసే పనికీ వాళ్లకి అనుమతి ఉంది. ముందు ఫోన్ చేసి కనుక్కున్నాను. లైసెన్సు పుస్తకం అసలుది తేవాలి, అందులో యూఐఎన్ (లైసెన్సుదారుకి ఇచ్చే విశిష్ట గుర్తింపు) నంబరు ఉండాలి, పిస్టల్ ఖాళీగా ఉండాలి, తూటాలు అసలు తేవద్దు అన్నారు.

ఇక్కడ సరిహద్దులో ఉండేవాళ్లకి మాత్రమే ఎదురయ్యే చిక్కు ఒకటుంది. పర్లాకిమిడి నుంచి బరంపురం పోవాలంటే మామూలుగా ఎవరైనా పాతపట్నం వైపు దిగి, పలాస, సోంపేట, ఇచ్ఛాపురం మీదుగా హైవే పట్టుకుని పోతారు. రైలెక్కినా నౌపడ జంక్షన్ మీదుగానే. అంటే ఒడిశాలోని ఒక ఊరి నుంచి ఒడిశాలోని ఇంకో ఊరికి పోవడానికి సగం దారి ఆంధ్రలో నడవాలి. పెళ్లికో ఆసుపత్రికో వెళ్తే ఆ సంగతి గుర్తు కూడా రాదు. నా లైసెన్సు చెల్లేది ఒడిశా రాష్ట్రం వరకే. పిస్టల్ పెట్టెలో పెట్టుకుని పాతపట్నం గేటు దాటితే అది చట్టం దృష్టిలో వేరే రాష్ట్రం. పట్టుకునేవాడు పట్టుకోడా అని ఆలోచించే పని లేదు, ఆ దారి నాకు లేదు. అందుకని కొండదారి పట్టాను. ఆర్.ఉదయగిరి, మోహన, చంద్రగిరి, తప్తపాని ఘాటు దిగి దిగపహండి, అక్కడి నుంచి బరంపురం. దూరం, మలుపులు. కడుపులో తిప్పే దారి. అయినా అదే సరైన దారి. సరిహద్దు జిల్లాల్లో లైసెన్సున్నవాళ్లు తమ పుస్తకంలో ఏరియా గడిలో ఏముందో ఒకసారి తీసి చూసుకోండి. మనకి అటూ ఇటూ చుట్టాలే, సంతలు కలిసే ఉంటాయి, మాట ఒక్కటే. కాగితం మీద మాత్రం గీత ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి ఇటు కలిసిన నాటి గీత అది.

దుకాణంలో ముందు కాగితాల పని. రిజిస్టర్‌లో నా పేరు, లైసెన్సు నంబరు, యూఐఎన్, పిస్టల్ ఫ్రేము మీది నంబరు, ఏ పని కోసం తెచ్చానో రాశారు. ఫ్రేము నంబరుని భూతద్దం పెట్టి చదివి లైసెన్సులో ఉన్నదానితో అంకె అంకె సరిచూశారు. నాకు రసీదు ఇచ్చాకే పిస్టల్ లోపలి గదిలోకి వెళ్లింది.

లోపల పనిచేసే మేస్త్రిగారు బరంపురం తెలుగువారే, అరవై దాటిన మనిషి. ఎదుట కూర్చుని చూడొచ్చా అని అడిగితే, "కూర్చో బాబూ, నీ వస్తువే కదా" అన్నారు. మొదట తూటాలు ఉండే మ్యాగజైన్ తీసి, పైన ముందుకీ వెనక్కీ జరిగే స్లైడుని వెనక్కి లాగి, తూటా గదిలోకి వేలు పెట్టి చూశారు, దీపం వెలుగులో కూడా చూశారు. ఖాళీ అని నేను చెప్పినా ఆయన చూశారు. ఆ తర్వాతే ట్రిగ్గర్ గార్డుని జాగ్రత్తగా లాగి బారెల్, స్లైడు విడదీశారు. ఈ మోడల్‌లో ట్రిగ్గర్ గార్డే బారెల్‌ని పట్టి ఉంచే కొక్కెం. బారెల్ మీద కిరీటం గుర్తు కింద ఎన్.పి. అనే అక్షరాలు చూపించి, "ఇది బర్మింగ్‌హామ్ ప్రూఫ్ ముద్ర. పొగరాని మందుతో పరీక్షించి వేస్తారు" అన్నారు. కుడివైపు గ్రిప్పు విప్పేటప్పుడు మాత్రం చాలా నెమ్మదిగా చేశారు. దాని కింద వి ఆకారంలో బలమైన స్ప్రింగు ఒకటి ఉంటుంది, పేల్చాక స్లైడుని ముందుకి తోసేది అదే. తెలియనివాళ్లు గ్రిప్పు విప్పి ఆ స్ప్రింగు జోలికి పోయి వేళ్లు చీల్చుకుంటారట.

పిన్నుని పంచ్‌తో, అంటే సుత్తి దెబ్బని పిన్నుకి అందించే ఉక్కు పుల్లతో, బయటికి తీశారు. పంచ్ మొన పిన్ను కంటే కాస్త సన్నంగా ఉండాలి, అడుగున మెత్తటి ఇత్తడి దిమ్మ ఉండాలి, సుత్తి కూడా ఇత్తడిదే. ఎడమ నుంచి కుడికి కొట్టి తియ్యాలి, కుడి నుంచి ఎడమకి పెట్టాలి. పాత తుపాకుల పనివాళ్లంతా పాటించే పద్ధతి ఇది. రెండు వైపులా కొడుతూ పోతే రెండు రంధ్రాలూ వదులవుతాయి. ఒకే వైపు వాడితే ఒక రంధ్రమైనా బిగువుగా మిగులుతుంది.

పిన్ను అరచేతిలో పెట్టి చూపించారు. రెండు చివరలూ నల్లగా ఉన్నాయి, నడుమ హ్యామర్ తిరిగే భాగం మాత్రం అద్దంలా తెల్లగా మెరుస్తోంది. మైక్రోమీటర్‌తో కొలిస్తే నడుమ చివరల కంటే 0.03 మి.మీ. సన్నగా ఉంది. కంటికి తెలియదు, గోటికి తెలుస్తుంది. తర్వాత ఫ్రేముని దీపం కిందికి తిప్పి కుడి రంధ్రం చుట్టూ చూడమన్నారు.

రంధ్రం అంచుకి ఆనుకుని చుట్టూ మూడు చిన్న గుంటలు, గింజలో మూడో వంతు కూడా లేవు. ఎప్పుడో ఎవరో సెంటర్ పంచ్‌తో (సూది మొన ఉన్న పంచ్‌తో) కొట్టిన దెబ్బలు. పిన్ను వదులైతే రంధ్రం అంచున పంచ్ పెట్టి కొడితే చుట్టూ ఉన్న లోహం లోపలికి ఉబికి పిన్నుని పట్టుకుంటుంది. కొన్నాళ్లు బాగానే ఉంటుంది. ఆ ఉబికిన లోహం సన్నటి మూడు మొనలు మాత్రమే కాబట్టి కొద్ది వాడకానికే అరిగిపోతుంది. ఆపైన మునుపటి కంటే ఎక్కువ వదులు. ఎవరు చేశారో, మా తాతగారి కాలంలోనా అంతకు ముందా, తెలిసే దారి లేదు. నాకు కడుపు మండింది. వందేళ్ల నాటి ఫ్రేము, ఏ గీతా పడకుండా మా చేతికి రావాల్సింది.

ఇక ఏం చెయ్యాలన్నది. మేస్త్రిగారు దారులన్నీ చెప్పారు. పిన్ను చివరల్ని సుత్తితో కొట్టి వెడల్పు చెయ్యొచ్చు, అప్పుడు అది ఊడదు, కాని మరోసారి విప్పాలంటే రంధ్రాన్ని చీల్చుకుంటూ వస్తుంది. మరలకి పెట్టే లాకింగ్ జిగురు పెట్టొచ్చు. గాలి తగలని చోట లోహాల మధ్య గట్టిపడే రకం అది. నీలం రంగుది మామూలు పనిముట్లతో వదులుతుంది, ఎరుపుది వేడి చేస్తే గాని రాదు. గ్రిప్పు మరలకైతే ఆయన కూడా నీలం జిగురు వాడతారు. హ్యామర్ పిన్నుకి మాత్రం వద్దన్నారు. ఆ పిన్ను మీద హ్యామర్ తిరగాలి, జిగురు కాస్త లోపలికి పాకితే హ్యామర్ బిగిసిపోతుంది, నూనె తగిలితే జిగురు పట్టు పోతుంది, ఎలా చూసినా నష్టమే.

"రంధ్రం జోలికి నేను పోను బాబూ. ఫ్రేము మళ్లీ పుట్టదు. పిన్నంటావా, ఎన్నైనా తిప్పుకోవచ్చు" అన్నారు. నాకూ అదే కావాలి. ఆ వస్తువులో అరగాల్సింది పిన్నే, మార్చాల్సిందీ పిన్నే. ఫ్రేముకి మనం చేసే ప్రతి పనీ తిరిగి సరిచెయ్యలేనిది. పాత తుపాకీ అయినా, పాత గడియారం అయినా, పాత కుట్టుమిషను అయినా నేను ఇదే గట్టిగా నమ్ముతాను.

కొత్త పిన్ను సైజు తేల్చడం చూడముచ్చటగా ఉంది. డబ్బాలోంచి వరసగా డ్రిల్లు బిట్ల వెనక భాగాలు తీసి ఒక్కొక్కటీ రంధ్రంలో దూర్చి చూశారు. నున్నగా ఉండే ఆ వెనక కాడల సైజు ఖచ్చితంగా ఉంటుంది కాబట్టి అవే కొలబద్దలు. ఎడమ రంధ్రంలో పట్టుకుని నిలిచిన కాడ కుడి రంధ్రంలో జారిపోయింది. దాని తర్వాతి సైజు కుడివైపు నిలిచింది, ఎడమవైపు దూరనే లేదు. హ్యామర్ రంధ్రం ఆ రెండిటికీ మధ్యలో ఉంది. అంటే పిన్ను ఒకే మందంలో ఉండకూడదు. ఎడమ కొస పాత సైజే, నడుమ కొంచెం లావు, కుడి కొస ఇంకో వెంట్రుక లావు. అలా అయితే కుడి నుంచి దూర్చినప్పుడు తేలిగ్గా పోయి చివర్లో మాత్రమే బిగుస్తుంది.

సిల్వర్ స్టీల్ కడ్డీ ముక్క తీసి లేతుకి బిగించారు. పేరులో వెండి ఉన్నా వెండి ఉండదు, సుమారు ఒక శాతం కార్బన్ ఉన్న మెరుపు ఉక్కు అది, నునుపు పెట్టి అమ్ముతారు. ఇక్కడి నుంచి తొందర లేదు. లేతు మీద దగ్గర దగ్గరగా తీసుకొచ్చి, మి.మీ.లో చివరి వందో వంతుల్ని ఎమెరీ కాగితంతో, నూనె చుక్కతో దించారు. ఒక్కసారి కాగితం తిప్పడం, గుడ్డతో తుడవడం, చల్లారేదాకా ఆగడం, మైక్రోమీటర్. చేతి వేడికే కొలత మారుతుందని పిన్నుని గుడ్డతో తప్ప పట్టుకోలేదు. మధ్యలో కరెంటు పోయింది. వచ్చేదాకా ఆయన పాత పిన్నుని పక్కన పెట్టి పొడవు కొలుచుకుంటూ కూర్చున్నారు. కొత్త పిన్ను రెండు చివరల్నీ పాతదానిలాగే గుండ్రంగా, కాస్త ఉబ్బెత్తుగా ఆకురాయితో దిద్దారు. కోసినట్టు చదునుగా వదిలేస్తే వంద గజాల నుంచి కూడా కొత్తదని తెలిసిపోతుందట.

"కొలిమిలో పెట్టి గట్టిపరచరా మేస్త్రిగారూ?" అని అడిగాను. వద్దన్నారు. ఈ ఉక్కుని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే గాజులా గట్టిపడుతుంది, ఆపైన పెళుసు తగ్గించడానికి మళ్లీ కాచాలి. లేత పసుపు రంగు వస్తే ఇంకా గట్టిగా ఉంటుంది, నీలం వస్తే మెత్తబడుతుంది. అంత చేసి పిన్ను ఫ్రేము కంటే గట్టిదైతే అరిగేది ఫ్రేమే. కడ్డీ ఎలా వచ్చిందో అలాగే వాడితే చాలు, అరిగితే పిన్ను అరుగుతుంది. ఇంత చిన్న విషయంలో కూడా ఎవరు ఓడిపోవాలో ముందే నిర్ణయించుకుని పని చెయ్యడం నాకు ఎంతో నచ్చింది.

పిన్నుకి నూనె రాసి కుడివైపు నుంచి పెట్టారు. మూడొంతులు బొటనవేలి ఒత్తిడికే వెళ్లింది. మిగిలినది ఇత్తడి సుత్తితో చిన్న చిన్న దెబ్బలకి దిగింది. చప్పుడు మారడం నాకు కూడా వినిపించింది. మొదట డొల్లగా, చివర దెబ్బకి గట్టిగా. రెండు పక్కలా ఫ్రేముతో సమంగా నిలిచింది.

తర్వాత పరీక్షలు. హ్యామర్‌ని పూర్తిగా వెనక్కి లాగి నిలబెట్టి, వెనక నుంచి బొటనవేలితో బలంగా ముందుకి తోశారు. కదల్లేదు. పక్కలకి ఊపి చూశారు, ఆట లేదు. మొత్తం బిగించాక లోపల మందు లేని నకిలీ తూటాలు పెట్టి స్లైడు లాగడం, వదలడం, ట్రిగ్గర్ నొక్కడం ఎన్నోసార్లు చేసి, భూతద్దంతో మళ్లీ పిన్ను చివరలు చూశారు. నాకు ఇచ్చి నన్నూ చెయ్యమన్నారు. నేను వచ్చేటప్పుడు హ్యామర్‌లో ఉన్న మెత్తటి ఊగులాట పోయింది, లాగితే ఒకే ఒక్క స్పష్టమైన క్లిక్.

ఆ మూడు గుంటల్ని వెల్డింగు పెట్టి నింపి నునుపు చేసి బ్లూయింగ్ (ఉక్కుకి పెట్టే నీలినలుపు పూత) వెయ్యొచ్చా అని అడిగాను. చెయ్యొచ్చు, కాని వెల్డింగు వేడికి రంధ్రం ఆకారం మారొచ్చు, కొత్త బ్లూయింగ్ పాత రంగుతో కలవదు అన్నారు. అందుకని అవి అలాగే ఉన్నాయి. పాత దెబ్బని దాచడానికి కొత్త దెబ్బ వెయ్యడం నాకూ ఇష్టం లేదు.

బిల్లు మీద ఏం పని చేశారో, కొత్త పిన్ను మూడు చోట్ల ఎంత కొలత ఉందో రాయించుకున్నాను. దుకాణం వాళ్లు ఇంతవరకు ఎవరూ అడగలేదన్నారు, కాని మేస్త్రిగారు సంతోషంగా చెప్పి రాయించారు. తర్వాత ఎవరు ఈ పిస్టల్ విప్పినా కుడి కొస లావని తెలియాలి. తెలియకపోతే ఎడమ నుంచి దూర్చాలని చూసి మళ్లీ రంధ్రం పాడు చేస్తారు. రిజిస్టర్‌లో తిరిగి ఇచ్చినట్టు సంతకం పెట్టి, పాత పిన్నుని చిన్న కాగితం పొట్లంలో కట్టించుకుని, అదే తప్తపాని దారిన ఇంటికి వచ్చాను.

ఇలాంటి పాత పిస్టల్ ఇంట్లో ఉన్నవాళ్లు మన దగ్గర తక్కువేం కాదు. 1980ల మధ్య నుంచి విదేశీ తుపాకులు దిగుమతి అయ్యే వీలు దాదాపు పోవడంతో అంతకు ముందు వచ్చినవే తరాలుగా చేతులు మారుతున్నాయి. నూనె పెట్టేటప్పుడు బారెల్ ఒక్కటే చూసి ఊరుకోవద్దు. వేలిగోటితో ప్రతి పిన్ను చివరా రెండు వైపులా తడమండి. సమంగా లేకపోయినా, నొక్కితే కదిలినా తూటా దగ్గరికి రానివ్వకండి, సుత్తి కూడా తీయకండి. నేను ఇప్పుడు నూనె పెట్టిన ప్రతిసారీ పిన్ను చివర మీద, పక్కన ఫ్రేము మీద కలిసేలా సన్నటి పెన్సిల్ గీత ఒకటి గీస్తున్నాను. పిన్ను తిరిగినా జరిగినా గీత విడిపోతుంది. మొన్న దీపావళికి ముందు తీసి చూస్తే గీత కలిసే ఉంది.